‘గెట్’ పక్కన ఏముందో చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వారం వారం వచ్చే ఇంగ్లీషు క్రియల శీర్షికలో ఈసారి ‘గెట్’ ఇచ్చారు. ‘గెట్ – గాట్ – గాట్: పొందు, సంపాదించు’ అని ఒక వరుస, దాని కింద ‘గెట్ అప్’, ‘గెట్ ఆన్’, ‘గెట్ ఓవర్’ అంటూ ఒక పట్టిక. శీర్షిక అవసరమైనదే, కొనసాగించండి. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటా 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేని పిల్లలకు పత్రికలో వచ్చే ఇలాంటి పేజీ పెద్ద ఆసరా. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే డిగ్రీ కుర్రాళ్లకూ అంతే. అందుకే ఈ క్రియను చెప్పే పద్ధతి మార్చమని అడుగుతున్నాను. ‘గెట్’కు ఒక్క తెలుగు మాట అర్థంగా ఇస్తే మనవాళ్ల నోట వచ్చే తప్పుల్లో సగం అక్కడే పుడతాయి.

ముందుగా ‘పొందు’ సంగతి. మాట్లాడే తెలుగులో ఆ మాట ఎక్కడుంది? ‘నేను ఉద్యోగం పొందాను’ అని ఎవరూ అనరు, ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అంటారు. ‘మార్కులు వచ్చాయి’, ‘సీటు దొరికింది’, ‘మెసేజ్ అందింది’, ‘జీతం పడింది’ అంటారు. ఇన్ని మాటలకూ ఇంగ్లీషులో సరిపోయేది ఒక్క ‘గాట్’. పిల్లవాడి నోట్లో ఉన్న తెలుగు ‘వచ్చింది’. మనం పుస్తకంలో ఇచ్చిన తెలుగు ‘పొందాడు’. రెండూ కలవవు కాబట్టి వాడు ‘వచ్చింది’నే ఇంగ్లీషులోకి మార్చుకుని ‘జాబ్ కేమ్ టు మీ’, ‘ఫీవర్ కేమ్ ఫర్ మీ’ అంటాడు.

అసలు మెలిక ‘నాకు’ దగ్గర ఉంది. తెలుగులో వచ్చేది ఉద్యోగం. దాన్ని అందుకునే మనిషి ‘నాకు’, ‘మా అన్నకు’, ‘ఆవిడకు’ అని కు-విభక్తిలో ఉంటాడు. ఇంగ్లీషులో ఆ మనిషే వాక్యానికి కర్త. ‘నాకు తొంభై మార్కులు వచ్చాయి’ – ‘ఐ గాట్ నైంటీ మార్క్స్’. ‘మా చెల్లికి గాంధీ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది’ – ‘మై సిస్టర్ గాట్ ఎ సీట్ ఇన్ గాంధీ మెడికల్ కాలేజ్’. ‘నాకు’తో మొదలై ‘వచ్చింది, దొరికింది, అందింది’తో ముగిసే తెలుగు వాక్యం కనిపిస్తే, ‘నాకు’ను ‘ఐ’ చేసి పక్కన ‘గాట్’ పెట్టి చూడమని చెప్పండి. చాలావాటికి సరిపోతుంది. సరిపోనివీ ఉన్నాయి. ‘నాకు ఈత వచ్చు’ అంటే ‘ఐ కెన్ స్విమ్’. అది చేతనైన పని, చేతికందిన వస్తువు కాదు. ‘నాకు డౌట్ వచ్చింది’ అని క్లాసులో లేచి చెప్పే ‘ఐ గాట్ ఎ డౌట్’ను కూడా సరిదిద్దాలి. మన తెలుగులో ‘డౌట్’ అంటే అర్థంకాని చోటు, అడగాల్సిన ప్రశ్న. ఇంగ్లీషులో ‘డౌట్’ అంటే నమ్మకం లేకపోవడం. అక్కడ ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనాలి.

ఇక ‘గెట్’ను ఏ పద్ధతిలో చెప్పాలో మనవి చేస్తాను. ఈ క్రియకు తనంతట తనకు నిలకడైన అర్థం దాదాపు లేదు. వెంటనే తర్వాత ఏ రకం మాట వచ్చిందన్నదాన్ని బట్టి అర్థం తేలుతుంది. నామవాచకం వస్తే చేతికందడం. విశేషణం వస్తే అలా మారడం. చోటు వస్తే అక్కడికి చేరడం. క్రియ మూడో రూపం వస్తే ఆ పని మన మీద జరగడం. మధ్యలో ఒక వస్తువు పెట్టి, ఆ తర్వాత మూడో రూపం పెడితే ఆ పని ఇంకొకరితో చేయించడం. పిల్లలకు పట్టిక కంఠస్థం చేయించడం కంటే, ‘గెట్’ కనిపించగానే కుడిపక్కకు చూడమని అలవాటు చేయించడం మేలు.

కుడిపక్క ఒక్క చిన్న అక్షరం మారితే ఏమవుతుందో చూడండి. ‘ఐ గాట్ కోల్డ్’ అంటే నాకు చలేసింది. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అంటే నాకు జలుబు చేసింది. మొదటిదాంట్లో ‘కోల్డ్’ విశేషణం, రెండోదాంట్లో ‘ఎ’ చేరి నామవాచకం అయింది. డాక్టర్ దగ్గర రెండోది చెప్పాల్సింది పోయి మొదటిది చెబితే ఆయన దుప్పటి కప్పుకోమంటాడు తప్ప మందు రాయడు. ఈ ‘ఎ’ని మనవాళ్లు ఊరికే వదిలేస్తారు. ‘ఐ గాట్ ప్రమోషన్’, ‘ఐ గాట్ జాబ్’ అంటారు. లెక్కపెట్టగల వస్తువు ఒకటే అయితే ‘గాట్’ తర్వాత ‘ఎ’ కానీ, ‘ది’, ‘మై’ లాంటి మాట కానీ ఉండి తీరాలి.

విశేషణంతో వచ్చే ‘గెట్’ మన తెలుగుకు చాలా దగ్గర. చీకటి పడుతోంది – ‘ఇట్స్ గెట్టింగ్ డార్క్’. ఆలస్యమవుతోంది – ‘ఇట్స్ గెట్టింగ్ లేట్’. టీ చల్లారిపోయింది – ‘ది టీ గాట్ కోల్డ్’. నాన్నకు కోపం వచ్చింది – ‘డాడ్ గాట్ యాంగ్రీ’. చివరి వాక్యంలో ‘కోపం’ తెలుగులో నామవాచకం కాబట్టి పిల్లలు ‘గాట్ యాంగర్’ అంటారు. ‘అలసట వచ్చింది’ని ‘గాట్ టైర్డ్‌నెస్’ అంటారు. తెలుగులో నామవాచకం ఉన్నా, మనసుకూ ఒంటికీ కలిగే మార్పుకు ఇంగ్లీషు ఇక్కడ విశేషణమే కోరుతుంది: యాంగ్రీ, టైర్డ్, హంగ్రీ, బోర్డ్, స్కేర్డ్. ఈ ఐదూ వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

ఈ వాడుకకు ఒక హద్దు కూడా ఉంది, మీ పట్టికలో అది లేదు. ‘ఆమె డాక్టర్ అయింది’ అన్నచోట ‘గాట్’ పనికిరాదు. ‘షీ బికేమ్ ఎ డాక్టర్’ అనాలి. ‘షీ గాట్ ఎ డాక్టర్’ అంటే ఆమె డాక్టర్‌ను తీసుకొచ్చిందని అర్థం. ‘అయింది’ ముందు మనిషి వృత్తో, పదవో ఉంటే ‘బికమ్’. చెడిపోయేవాటికి, మళ్లీ మామూలుకు రాని మార్పులకు ఇంగ్లీషు తరచుగా ‘గో’ను పిలుస్తుంది: కూర పాడైపోయింది – ‘ది కర్రీ హ్యాజ్ గాన్ బ్యాడ్’, చూపు పోయింది – ‘హి వెంట్ బ్లైండ్’, బట్టతల వచ్చింది – ‘హి వెంట్ బాల్డ్’. తెలుగులోనూ వీటిలో చాలావాటికి ‘పోవడం’ ఉంటుంది కాబట్టి మనవాళ్లకు ఇది కష్టం కాదు.

చోటుతో వచ్చే ‘గెట్’ గురించి క్లుప్తంగా చెబుతాను. ‘హౌ డు ఐ గెట్ టు చార్మినార్?’ అంటే ఏ దారిన వెళ్లాలి, ఏ బస్సు ఎక్కాలి అని అడగడం. ‘గో’ అంటే బయల్దేరి వెళ్లడం, ‘గెట్ టు’ అంటే చేరడం. ‘హోమ్, హియర్, దేర్’ ముందు ‘టు’ రాదు: ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’. ‘రీచ్’కు కూడా ‘టు’ అక్కర్లేదు. ‘రీచ్డ్ టు ఆఫీస్’ తప్పు. ‘రీచ్డ్ ది ఆఫీస్’ కానీ ‘గాట్ టు ది ఆఫీస్’ కానీ అనాలి.

ఎక్కడం, దిగడం మాత్రం మన నగరంలో ప్రతి పూటా పడే మాటలు. లోపల నిలబడి నడవగల బండికి – ఆర్టీసీ బస్సు, మెట్రో, రైలు, విమానం – ‘గెట్ ఆన్, గెట్ ఆఫ్’. తల వంచి దూరి కూర్చోవలసిన బండికి – ఆటో, కారు – ‘గెట్ ఇన్, గెట్ అవుట్’. మనం పైన కూర్చునే బైకుకు, సైకిలుకు మళ్లీ ‘ఆన్, ఆఫ్’. ‘మెట్రోలో ఎక్కి అమీర్‌పేటలో దిగండి’ అంటే ‘గెట్ ఆన్ ది మెట్రో అండ్ గెట్ ఆఫ్ ఎట్ అమీర్‌పేట్’. మన బస్సుల్లో అందరూ అనే ‘గెట్ డౌన్’ మన దేశమంతటా అర్థమవుతుంది, దాన్ని తప్పంటూ పిల్లల్ని తిట్టనక్కర్లేదు. కాకపోతే బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ‘గెట్ డౌన్’ అంటే నిచ్చెన మీంచో చెట్టు మీంచో కిందికి దిగడం, లేదా ప్రమాదం వస్తే వంగిపోవడం. ఆ తేడా ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో ముఖ్యమైన చోటుకు వస్తాను. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మనవాళ్లు తరచుగా చెప్పే వాక్యం ‘ఐ గాట్ కంప్లీటెడ్ మై బీటెక్’. ‘నా బీటెక్ అయిపోయింది’ అనే తెలుగు దీని వెనక ఉంది. ‘అయిపోయింది’లో చేసినవాడు కనిపించడు, అందుకని ఇంగ్లీషులోనూ ఏదో ఒక కర్మణి ప్రయోగం కావాలనిపించి ‘గాట్’ను తెచ్చి పెడతారు. కానీ ‘ఐ’ తర్వాత ‘గాట్’, మూడో రూపం వస్తే ఆ పని ‘నా మీద’ జరిగిందని అర్థం: ‘ఐ గాట్ సెలెక్టెడ్’ – నన్ను ఎంపిక చేశారు, ‘హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్’ – ఆయన్ను బదిలీ చేశారు. వీటిలో చేసినవాళ్లు ఇంకెవరో. బీటెక్ పూర్తిచేసింది మాత్రం నేనే. అందుకని ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్’. పిల్లలకు ఒక పరీక్ష చెప్పండి: ‘ఎవరో నన్ను ఇలా చేశారు’ అని తెలుగులో అనగలిగితే ‘గాట్’ ఉంచు, లేకపోతే తీసెయ్. ‘ఎవరో నన్ను పూర్తిచేశారు’ అనలేం కాబట్టి ‘గాట్’ పోతుంది.

పెళ్లి మాటల్లో ఇంకో తేడా ఉంది. ‘గాట్ మ్యారీడ్’ అనేది ఒక రోజు జరిగిన సంఘటన, ‘ఆర్ మ్యారీడ్’ అనేది ఆ తర్వాత కొనసాగే స్థితి. ‘దే గాట్ మ్యారీడ్ ఇన్ 2015’ సరైనదే. పెళ్లయి పదేళ్లయిందనాలంటే ‘దే హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్’. ఎవరిని చేసుకున్నారో చెప్పేటప్పుడు ‘విత్’ రాదు, ‘టు’ వస్తుంది: ‘షీ గాట్ మ్యారీడ్ టు హర్ క్లాస్‌మేట్’.

చేయించడం దగ్గరికి వస్తే తెలుగువాళ్లు అందరికంటే ముందుండాలి. మన క్రియల్లోనే ఆ వసతి ఉంది: కుట్టు – కుట్టించు, కట్టు – కట్టించు, వండు – వండించు, చేయి – చేయించు. ఒక్క ‘ఇంచు’ చేరిస్తే పని ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఇంగ్లీషులో ఆ ‘ఇంచు’ పని చేసేది ‘గెట్’: ‘బ్లౌజు కుట్టించాను’ – ‘ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’. ‘ఫోను బాగుచేయించాను’ – ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. తప్పు జరిగేది మాటల వరుసలో. తెలుగులో ‘ఫోను’ ముందు, ‘చేయించాను’ అనే ఒకే మాట చివర. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట రెండు ముక్కలై, మధ్యలో ఫోను కూర్చుంటుంది: గాట్ – మై ఫోన్ – రిపేర్డ్. ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అంటే ఆ మధ్యచోటు ఖాళీ అయిపోయింది. పలక మీద ‘గాట్’ రాసి, చోటు వదిలి, ‘రిపేర్డ్, వాష్డ్, పెయింటెడ్, జిరాక్స్‌డ్’ అని రాసి, మధ్యలో వస్తువులు మార్చి మార్చి పెట్టించండి. అన్నింటికంటే త్వరగా పట్టుబడే సాధన ఇదే.

తెలుగు ఒకచోట మాత్రం ‘ఇంచు’ను వదిలేస్తుంది. సెలూన్‌కు వెళ్లి వచ్చి మనం ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అంటాం. ఆ మాటలో ఇంచు ఉన్నట్టు కనబడినా కత్తిరించడం మామూలు క్రియే. కత్తెర పట్టింది మనం కాకపోయినా వినేవాళ్లకు అర్థమవుతుంది. దాన్ని ‘ఐ కట్ మై హెయిర్’ అని మారిస్తే అద్దం ముందు నేనే కత్తిరించుకున్నానని అర్థం వస్తుంది. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి, లేదా ‘ఐ గాట్ ఎ హెయిర్‌కట్’. ఇంటికి రంగులు వేసుకోవడం కూడా ఇంతే. అలాగే ‘పిల్లల్ని చదివిస్తున్నాను’లో ఇంచు ఉన్నా ‘గెట్’ పెట్టకూడదు. మనం చెప్పేది ఫీజు కట్టి బడికి పంపడం గురించి, దానికి ‘ఐ యామ్ ఎడ్యుకేటింగ్ మై చిల్డ్రన్’. ‘ఐ గాట్ హిమ్ టు స్టడీ’ అంటే చదవనని మొరాయించినవాణ్ని ఎలాగో ఒప్పించి కూర్చోబెట్టాను అని.

ఆ చివరి వాక్యంలో ‘టు’ గమనించండి. వస్తువు కాక మనిషిని మధ్యలో పెడితే, తర్వాత ‘టు’తో మొదటి రూపం వస్తుంది: ‘ఐ గాట్ ది ప్లంబర్ టు ఫిక్స్ ది ట్యాప్’. ‘మేక్’, ‘హ్యావ్’ వాడితే ‘టు’ రాదు: ‘ఐ మేడ్ హిమ్ ఫిక్స్ ఇట్’, ‘ఐ హ్యాడ్ హిమ్ ఫిక్స్ ఇట్’. అర్థాల్లోనూ తేడా ఉంది. ‘గాట్’ అంటే అడిగి, బతిమాలి, ఒప్పించి చేయించడం. ‘మేడ్’ అంటే ఇష్టం లేకున్నా చేయించడం. ‘హ్యాడ్’ అంటే పని అప్పజెప్పి చేయించడం. తెలుగులో మూడింటికీ ‘చేయించాను’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి ఈ భాగానికి మీ పేజీలో కాస్త ఎక్కువ చోటు ఇవ్వండి.

‘హ్యావ్ గాట్’ చూడడానికి జరిగిపోయిన పనిలా ఉంటుంది, అర్థం మాత్రం ఇప్పటిదే. ‘ఐ హ్యావ్ గాట్ టూ బ్రదర్స్’ అంటే నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు, ‘ఐ హ్యావ్ గాట్ టు గో’ అంటే నేను వెళ్లాలి. అమెరికాలో దీనికి తోడు ‘గాటెన్’ అనే రూపం నిలిచింది. వాళ్లకు ‘హ్యావ్ గాట్’ అంటే ఉండడం, ‘హ్యావ్ గాటెన్’ అంటే రావడం లేదా మారడం. గచ్చిబౌలి, మాదాపూర్‌లో అమెరికా కంపెనీలతో ఫోన్లో మాట్లాడేవాళ్లకు ‘గాటెన్’ వినబడుతుంది. అది తప్పు కాదని మీ పట్టికలో ‘గాట్’ పక్కన చేర్చండి. ఇంగ్లీషులో పాతకాలపు రూపమే అది, బ్రిటన్‌లో వాడుక తగ్గిపోయి అమెరికాలో మిగిలింది. అన్నట్టు, ఈ క్రియ ఇంగ్లీషులోకి పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి వచ్చింది. ‘ఫర్‌గెట్’లో ఉన్నదీ ఆ ధాతువే.

‘గాట్ టు నో’ విషయంలో జాగ్రత్త చెప్పాలి. పరీక్ష వాయిదా పడిందని తెలిసింది అనడానికి మనవాళ్లు ‘ఐ గాట్ టు నో దట్ ది ఎగ్జామ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్’ అంటారు. ‘గెట్ టు నో’ అంటే ఒక మనిషితో పరిచయం మెల్లగా పెరగడం. కబురు తెలియడానికి ‘ఐ హర్డ్’ లేదా ‘ఐ ఫౌండ్ అవుట్’ చాలు. అలాగే ‘మీటింగ్ గాట్ ఓవర్’ మన దేశంలో చెల్లుతుంది, బయట ‘ది మీటింగ్ ఎండెడ్’ అంటారు. వాళ్ల ‘గెట్ ఓవర్’ జ్వరం నుంచి, దుఃఖం నుంచి తేరుకోవడం.

‘గెట్ అప్’, ‘గెట్ ఆన్’ లాంటి జంటపదాల పట్టికలో ముప్పై ఇచ్చి ముప్పైకీ ఒక్కో అర్థం రాసేకంటే, రోజూ పనికొచ్చేవి ఏడెనిమిది తీసుకుని తెలుగు వాక్యంతో ఇవ్వండి. లైను దొరకలేదు – ‘ఐ కుడ్‌నాట్ గెట్ త్రూ’. కనుక్కుని మళ్లీ చెప్తాను – ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ’. ఈ జీతంతో ఎలాగో నెట్టుకొస్తున్నాం – ‘వుయ్ గెట్ బై ఆన్ దిస్ శాలరీ’. అత్తాకోడళ్లకు బాగా పడుతుంది – ‘దే గెట్ అలాంగ్ వెల్’. తప్పు చేసి తప్పించుకున్నాడు – ‘హి గాట్ అవే విత్ ఇట్’. బొద్దింకలను వదిలించుకున్నాం – ‘వుయ్ గాట్ రిడ్ ఆఫ్ ది కాక్‌రోచెస్’. మెలకువ రావడం ‘వేక్ అప్’, మంచం దిగడం ‘గెట్ అప్’. ఐదింటికి మెలకువ వచ్చినా ఆరింటికి లేచాను అని తెలుగులో ఎలాగూ విడదీసి చెప్తాం కాబట్టి ఆ జంట ఇట్టే అర్థమవుతుంది. ‘గెట్ లాస్ట్’ మాత్రం విడిగా చెప్పండి. ‘ఐ గాట్ లాస్ట్’ అంటే దారి తప్పాను, ఎవరితోనైనా అనొచ్చు. ఎదుటివాడితో ‘గెట్ లాస్ట్’ అంటే ‘పో అవతలికి’. పిల్లలు సినిమాల్లో విని స్నేహితుల మీద ప్రయోగిస్తారు, అదెంత కటువో తెలియదు.

ఇంకొక్క మాట, దరఖాస్తులు రాసేవాళ్ల కోసం. మాట్లాడేటప్పుడు ‘గెట్’ ఎక్కడైనా సాఫీగా పోతుంది. ఆఫీసుకు రాసే ఉత్తరంలో, రెజ్యూమెలో ‘రిసీవ్డ్, అబ్టెయిన్డ్, బికేమ్’ వాడితే బాగుంటుంది. ‘గాట్ సెలెక్టెడ్’ బదులు ‘వాజ్ సెలెక్టెడ్’ అని రాయాలి. మాటలో ‘రిసీవ్డ్’, రాతలో ‘గాట్’ – ఇలా తిరగేసి వాడడం మనవాళ్లలో ఎక్కువ.

మీరు చేయగలిగేది ఇది. వచ్చే నెల నాలుగు వారాలూ ‘గెట్’ ఒక్కదానికే ఇవ్వండి. మొదటివారం ‘నాకు వచ్చింది’ వాక్యాలు, రెండోవారం విశేషణాలు, చోటు, ఎక్కడం దిగడం. మూడోవారం పూర్తిగా చేయించడం. నాలుగోవారం జంటపదాలు. ప్రతివారం ఇంగ్లీషు పదం ఇచ్చి అర్థం అడగకుండా తెలుగు వాక్యం ఇచ్చి ఇంగ్లీషు రాయమని అడగండి: ‘చలేసింది’, ‘జలుబు చేసింది’, ‘చెప్పులు కుట్టించాను’, ‘నన్ను వరంగల్‌కు బదిలీ చేశారు’. జవాబులు మర్నాటి పేజీలో వేయండి, అప్పుడు ముందే చూసి రాసే వీలుండదు. అచ్చుకు ముందు వాక్యాలను ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉపాధ్యాయులకు చూపించవచ్చు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన ఆ సంస్థ మన నగరంలోనే ఉంది. ‘గెట్’ అయ్యాక ‘టేక్’, ‘పుట్’, ‘గో’ కూడా ఇదే వరుసలో ఇవ్వమని కోరుతున్నాను. ‘టేక్’కు ‘తీసుకొను’ అని ఒక్కమాట ఇస్తే, ‘ఇట్ టేక్స్ టూ అవర్స్’ దగ్గర పిల్లలు మళ్లీ ఇలాగే ఆగిపోతారు.

భవదీయుడు,
ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్